గుర్తింపు కార్డు – ప్రజల గోప్యత – ఉద్యోగి బాధ్యత

(శాఖా కార్యదర్శుల అధ్యయన తరగతిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో వేతన సవరణను గురించి, భర్తీ కాని ఖాళీలను గురించి ఇదివరకే చర్చించుకొన్నాము. ఇప్పుడు చెప్పబోవు విషయము వాటి కోవకు చెందినది కాదని కొందరు మిత్రులు భావింపవచ్చును. గుర్తింపు కార్డులు, వాటి వెనుక ప్రభుత్వము భద్రపరచు వివరములు, ఆ వివరముల రక్షణ – ఇవి న్యాయవాదులు, కంప్యూటరు నిపుణులు చర్చించుకొనవలసిన సంగతులు కదా, యూనియనుకు వీటితో ఏమి పని అని ఒక మిత్రుడు నిన్న మమ్ములను అడిగినారు. ఆ ప్రశ్నకు సమాధానముతోనే ప్రారంభించుచున్నాము.

ఈ వ్యవహారములో మనము కౌంటరుకు రెండు వైపులను నిలిచి యున్నాము. పౌరులుగా మన పది వేళ్ల ముద్రలు, రెండు కన్నుల గుర్తులు ప్రభుత్వమునకు ఇచ్చినవారము మనమే. ఉద్యోగులుగా ఇతరుల వేలిముద్రలు తీసికొనుచున్నవారమును మనమే. దేశములో 13,000కు పైగా తపాలా కార్యాలయములలో ఆధార్ నమోదు, సవరణల పని జరుగుచున్నది. గ్రామీణ డాక్ సేవకులు, పోస్టుమేన్లు ఇంటింటికి పోయి వేలిముద్రతో డబ్బు చెల్లించుచున్నారు. రైలు ప్రయాణికుల గుర్తింపు పత్రములను పరిశీలించు పని మన టి.టి.ఇ. సోదరులది. కనుక సమాచారము భద్రముగా ఉన్నచో మొదట మేలు పొందువారము మనము. అది బయటపడిన నాడు మొదట వేలెత్తి చూపబడువారమును మనమే. ఇంతకన్న దగ్గరి విషయము యూనియనుకు ఏమున్నది?

ఉత్తరము నేర్పిన పాఠము

తపాలా ఉద్యోగికి గోప్యత అనునది కొత్త మాట కాదు. అంటించిన కవరును విప్పరాదు అనునది మన వృత్తి ధర్మము. 1898 నాటి ఇండియన్ పోస్టాఫీసు చట్టము, ఉత్తరమును అక్రమముగా విప్పిన, దాచిన తపాలా ఉద్యోగికి శిక్ష విధించినది. అదే చట్టములోని 26వ సెక్షను, అత్యవసర పరిస్థితులలో ఉత్తరములను అడ్డగించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. ఉద్యోగికి నిషేధము, ప్రభుత్వమునకు అధికారము – ఈ అసమానత ఆనాడే ఉన్నది.

1986లో ఆ అధికారమును మరింత విస్తరించు సవరణ బిల్లును పార్లమెంటు ఉభయసభలు ఆమోదించినవి. ఉత్తరముల గోప్యతకు ముప్పు వాటిల్లునని దేశమంతట నిరసన చెలరేగినది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దానిపై సంతకము చేయలేదు. ఆ బిల్లు ఎన్నడును చట్టము కాలేదు. మనము మరువరాని ఘట్టమిది. కాగితపు ఉత్తరము కొరకు దేశము అంతగా కలవరపడినది!

1898 చట్టము స్థానమున పోస్టాఫీసు చట్టము, 2023 వచ్చినది. 2024 జూన్ 18 నుండి అమలులో ఉన్నది. దేశ భద్రత, ప్రజాశాంతి మొదలగు కారణములపై తపాలాను అడ్డగించు అధికారము అందులో 9వ సెక్షనుగా నిలిచి యున్నది. ఉత్తరమును అక్రమముగా విప్పుటను ప్రత్యేక నేరముగా పేర్కొన్న పాత నిబంధనలు మాత్రము కొత్త చట్టములో లేవు. రక్షణ తగ్గినది, అధికారము మిగిలినది. ఈ కొలబద్దనే ఇప్పుడు గుర్తింపు కార్డుకు వర్తింపజేసి చూతము.

కార్డు ఎట్లు వచ్చినది?

కార్గిల్ యుద్ధము తరువాత, దేశ భద్రతను సమీక్షించిన మంత్రుల బృందము 2001లో జాతీయ గుర్తింపు కార్డులను సిఫారసు చేసినది. 2003 నాటి పౌరసత్వ చట్ట సవరణలో 14-ఏ సెక్షను ద్వారా వాటికి చోటు కల్పించినారు. అప్పుడు చెప్పిన కారణము దేశ భద్రత. 2009 జనవరిలో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడినప్పుడు చెప్పిన కారణము సంక్షేమము. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామములో మొదటి ఆధార్ సంఖ్యలను ఇచ్చినారు. అప్పటికి దానికి పార్లమెంటు చేసిన చట్టమే లేదు. 2010లో ప్రవేశపెట్టిన బిల్లును ఆర్థిక వ్యవహారముల స్థాయీ సంఘము 2011 డిసెంబరులో తిరస్కరించినది. చివరకు 2016లో, రాజ్యసభ చేయు మార్పులకు కట్టుబడనక్కరలేని ద్రవ్య బిల్లు రూపములో చట్టము చేసినారు. అప్పటికే కోట్లాది ప్రజల వేలిముద్రలు తీసికొనుట పూర్తి అయినది.

మేము ఈ కార్డును గుడ్డిగా వ్యతిరేకించువారము కాము. ఊరు విడిచి పనికి పోయిన వలస కూలీకి, ఏ కాగితమును లేని నిరుపేదకు ఒక గుర్తింపు లభించుట మేలే. కూలి డబ్బు మధ్యవర్తుల చేతిలో పడక నేరుగా ఖాతాలో పడుట మేలే. మా ప్రశ్న ఒక్కటే. ప్రజల నుండి ఇంత తీసికొన్న ప్రభుత్వము, దానిని కాపాడుటలో విఫలమైనచో ఎవరు జవాబు చెప్పవలెను?

న్యాయస్థానము చెప్పినది

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఈ ప్రశ్నలతో సుప్రీంకోర్టును ఆశ్రయించినారు. భారత పౌరునికి గోప్యత ప్రాథమిక హక్కుగా లేదని కేంద్ర ప్రభుత్వము వాదించినది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఆ వాదమును తిరస్కరించి, గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించినది.

2018 సెప్టెంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురి ఆధిక్యముతో ఆధార్ చట్టమును నిలబెట్టినది. కాని బ్యాంకు ఖాతాకు, సెల్‌ఫోనుకు ఆధార్ తప్పనిసరి కాదన్నది. ధ్రువీకరణ రికార్డులను 6 నెలలకు మించి ఉంచరాదన్నది. భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, ద్రవ్య బిల్లుగా చట్టము చేయుట రాజ్యాంగమును మోసగించుటయేనని తప్పుపట్టినారు. అంతవరకు ఆధార్ నేరములపై ఫిర్యాదు చేయు హక్కు ఆ సంస్థకు మాత్రమే ఉండెడిది. నష్టపోయిన పౌరునికి లేదు. ఈ తీర్పు తరువాత 2019 సవరణలో పౌరునికిని ఆ హక్కు వచ్చినది. అడిగినవారు ఉన్నందుననే ఆ కొద్దిపాటి మార్పైనను జరిగినదని గమనింపవలెను.

గోడ ఎత్తు – తలుపు బార్లా

వేలిముద్రల కేంద్ర భాండాగారములోనికి ఎవరును చొరబడలేదని ఆ సంస్థ చెప్పుచున్నది. ఆ మాటను అట్లే ఉంచుదము. కాని ఇంటికి నాలుగు గోడలు ఎంత ఎత్తుగా ఉన్నను, వాకిలి తెరచి ఉన్నచో ప్రయోజనమేమి?

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను పరిశోధన సంస్థ ఒక నివేదిక వెలువరించినది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బహిరంగమైనట్లు అందులో అంచనా వేసినది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి – ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల వెబ్‌సైటు ఒకటి, చంద్రన్న బీమా వెబ్‌సైటు ఒకటి. దొంగ ఎవడును రాలేదు. మట్టి మోసిన కూలి మనిషి వివరములను ప్రభుత్వ శాఖలే గోడపత్రిక వలె అంటించి పెట్టినవి.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి పట్టుబడినాడు. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులను ప్రభుత్వ వెబ్‌సైటు నుండి దింపుకొని, వాటిపై ఉన్న వేలిముద్రలతో రబ్బరు అచ్చులు తయారు చేసి, వేలాది సిమ్‌లను చలామణిలోనికి తెచ్చినాడని పోలీసులు తెలిపినారు. రహస్యపదము పోయినచో మార్చుకొనవచ్చును. తాళము పోయినచో కొత్త తాళము కొనవచ్చును. వేలు మార్చుకొనుట ఎట్లు?

అదే సంవత్సరము జనవరిలో, కేవలము 500 రూపాయలకు ఆధార్ వివరములు చూచు మార్గము తమ విలేకరికి లభించినదని ట్రిబ్యూన్ పత్రిక ప్రచురించినది. ఆధార్ సంస్థ చేసిన ఫిర్యాదుపై నమోదైన కేసులో ఆ విలేకరి పేరే చేరినది! రంధ్రము చూపినవారిపై కేసు పెట్టిన మాత్రాన రంధ్రము పూడదు.

ఇది మన దేశపు వ్యాధి మాత్రమే కాదు. 2023లో బంగ్లాదేశ్‌లో ఒక ప్రభుత్వ వెబ్‌సైటు నుండి కోట్లాది పౌరుల వివరములు బయటపడినవి. పాకిస్తానులో జాతీయ గుర్తింపు సంస్థ నుండి 2019–2023 మధ్య 27 లక్షల మంది సమాచారము అపహరింపబడినదని 2024లో విచారణ బృందము తేల్చినది. ఉపఖండములో సరిహద్దులు వేరైనను, సామాన్యుని అవస్థ ఒకటే.

రెండు డిస్కుల కథ

ఇట్టి తప్పు జరిగినప్పుడు నింద ఎక్కడ పడునో తెలిసికొనుటకు ఒక విదేశీ ఉదాహరణ చెప్పుచున్నాము. అది బ్రిటన్‌ది. మన వంటి గుమాస్తాల కథ.

బ్రిటన్‌లో 2006లో జాతీయ గుర్తింపు కార్డుల చట్టము చేసినారు. మరుసటి సంవత్సరము అక్టోబరులో, పిల్లల భత్యము పొందు కుటుంబముల వివరములు గల రెండు కంప్యూటరు డిస్కులను పన్నుల శాఖ కార్యాలయము నుండి లండనులోని ఆడిట్ కార్యాలయమునకు పంపినారు. రిజిస్టరు చేయలేదు. రశీదు లేదు. సంకేతలిపిలో భద్రపరచలేదు. అవి చేరలేదు. అందులో 2 కోట్ల 50 లక్షల మంది పేర్లు, చిరునామాలు, బ్యాంకు ఖాతాల వివరములు ఉన్నవి. తపాలా ఉద్యోగులైన మీకు వేరుగా చెప్పనక్కరలేదు – ఒక సామాన్య రిజిస్టర్డు ఉత్తరమునకు మనము చూపు శ్రద్ధ, సగము దేశపు సమాచారమునకు లేకపోయినది.

కింది స్థాయి ఉద్యోగి ఒకరు నిబంధనలను ఉల్లంఘించినారని ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పినారు. 2008 జూన్‌లో విచారణ నివేదికలు వచ్చినవి. లోపము ఒక వ్యక్తిది కాదు, సంస్థాగతమైనదని అవి తేల్చినవి. సమాచార భద్రతపై స్పష్టమైన బాధ్యత లేదు, తగిన శిక్షణ లేదు, పర్యవేక్షణ లేదు. ఆ ఉద్యోగి చేసిన పని, ఆ కార్యాలయములో అందరును చేయుచుండిన పనియే. ప్రజల విశ్వాసము సడలినది. తరువాతి ప్రభుత్వము 2010లో ఆ కార్డుల చట్టమును రద్దు చేసినది. 2011 ఫిబ్రవరిలో ఆ రిజిస్టరు ఉన్న డిస్కులను యంత్రములో వేసి నుగ్గు చేయించినది.

ఈ కథలో మనకు పాఠము ఒక్కటే. మొదటి రోజున నింద కింది ఉద్యోగిపై పడును. నిజము బయటికి వచ్చుటకు నెలలు పట్టును. ఆ నెలలలో ఆ ఉద్యోగి పక్షమున నిలువవలసినది యూనియను.

అరిగిన వేళ్లు

భద్రత అనగా సమాచారము బయటికి పోకుండుట మాత్రమే కాదు. ఆ సమాచారమే మనిషిని బయటికి నెట్టకుండుటయు భద్రతయే. 2016–17 ఆర్థిక సర్వే ప్రకారము, వేలిముద్ర ధ్రువీకరణలో వైఫల్యము జార్ఖండ్‌లో 49 శాతము, రాజస్థాన్‌లో 37 శాతము, మన కృష్ణా జిల్లాలో 5 శాతము. 5 శాతము తక్కువ అనిపించును. ప్రతి ఇరువది మందిలో ఒకరు రేషను కొట్టు నుండి వట్టి సంచితో తిరిగి పోవుటకు ఆస్కారమున్నదని దాని అర్థము.

మా సభ్యుడొకరు ముప్పది ఏండ్లు పట్టాల మీద గ్యాంగుమేనుగా పని చేసి విశ్రాంతి పొందినారు. కంకరయు, ఇనుమును తినివేసిన వేళ్లు ఆయనవి. నవంబరు నెలలో జీవన ప్రమాణ పత్రము కొరకు మూడు దినములు తిరిగినారు. యంత్రము ఆయన ముద్రను గుర్తింపలేదు. నేను బతికియున్నానని నా వేలు చెప్పుట లేదు బాబూ అని ఆయన అన్న మాట మా చెవులలో ఇంకను మ్రోగుచున్నది. నాలుగవ దినమున పరిచయస్థుడైన ఒక పోస్టుమేన్ సోదరుడు సెల్‌ఫోనులో ముఖము చూపించి పని పూర్తి చేసినాడు. జీవన ప్రమాణ పత్రమునకు ఆధార్ ఐచ్ఛికమేనని, ఇతర మార్గములు ఉండవలెనని 2021 మార్చిలోనే ప్రభుత్వము ప్రకటించియున్నది. కాగితపు పత్రము ఇచ్చు హక్కు ఆయనకు ఉన్నది. ఆ సంగతి మూడు దినములలో ఎవరును ఆయనకు చెప్పలేదు. మిత్రులారా, మనమును చెప్పలేదు. ఆ తప్పు మనది.

ప్రయాణికుడు సరుకా?

రైల్వే సోదరులు గమనింపవలసిన సంగతి మరొకటి. 2025 జూలై 1 నుండి ఆన్‌లైన్ తత్కాల్ టిక్కెట్టుకు ఆధార్ ధ్రువీకరణ విధించినారు. దళారుల బెడద తగ్గించుట దీని ఉద్దేశమన్నారు. ఆ ఉద్దేశము మంచిదే. కాని అంతకు మూడేండ్ల క్రితము, 2022 ఆగస్టులో, ఇదే ఐ.ఆర్.సి.టి.సి. తన వద్దనున్న ప్రయాణికుల సమాచారము నుండి ఆదాయము సంపాదించు మార్గములు చెప్పుటకు సలహాదారును నియమింపదలచి టెండరు పిలిచినది. విమర్శ పెల్లుబికిన పిమ్మట, అదే నెలలో పార్లమెంటరీ సంఘము ఎదుట దానిని ఉపసంహరించుకొన్నది. టిక్కెట్టు కొరకు ఇచ్చిన వివరము టిక్కెట్టు కొరకే. దానిని సరుకుగా తలచిన ఆలోచన ఒకసారి పుట్టినది కనుక, మరల పుట్టదను హామీ చట్టములో ఉండవలెను.

కొత్త చట్టము చాలునా?

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చినది. దాని నియమావళిని 2025 నవంబరులో ప్రకటించి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చినారు. భద్రత పాటింపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉన్నది. ఇది మంచి అంశము. కాని మూడు లోపములు చెప్పక తప్పదు. ఒకటి, దేశ భద్రత, ప్రజాశాంతి మొదలగు పేర్లతో తన సంస్థలను చట్టము నుండి మినహాయించు అధికారమును కేంద్రము తన చేతిలో ఉంచుకొన్నది. రెండు, జరిమానా ఖజానాకు పోవును. నష్టపోయిన మనిషికి పరిహారము ఇచ్చు ఏర్పాటు లేదు. మూడు, తీర్పు చెప్పు బోర్డు సభ్యులను నియమించునది కేంద్ర ప్రభుత్వమే. ప్రజల సమాచారమును అందరికన్న అధికముగా పోగుచేయునది ప్రభుత్వము. తనకే మినహాయింపు ఇచ్చుకొను అధికారమును, తీర్పరులను నియమించు అధికారమును అదే ఉంచుకొన్నది.

ఇక ఆధార్ చట్టము ప్రకారము, గుర్తింపు సమాచారమును అక్రమముగా వెల్లడించిన వ్యక్తికి మూడేండ్ల వరకు జైలు. ఉద్దేశపూర్వకముగా ద్రోహము చేసినవానిని మేము వెనకేసుకొని రాము. కాని ఇద్దరి పనిని ఒక్కరితో చేయించి, శిక్షణ ఇవ్వక, పాడైన యంత్రమును మార్చక, రోజుకు ఇన్ని నమోదులు కావలెనని లక్ష్యము విధించి, పొరపాటు దొర్లిన నాడు ఆ ఒక్కరి జీతములో కోత విధించుట న్యాయము కాదు.

మన కోర్కెలు – మన కర్తవ్యము

కనుక మన సమాఖ్య ఈ కింది కోర్కెలను ముందుంచుచున్నది. ప్రజల వివరములు సేకరించు ప్రతి శాఖలో వాటి భద్రతకు బాధ్యుడైన ఉన్నతాధికారిని పేరుతో ప్రకటింపవలెను. నమోదు పని చేయు ప్రతి ఉద్యోగికి, గ్రామీణ డాక్ సేవకునితో సహా, పనివేళలలోనే శిక్షణ ఇవ్వవలెను. స్వతంత్ర విచారణ పూర్తి కాకుండ ఏ ఉద్యోగిపైనను రికవరీ, సస్పెన్షను విధింపరాదు. లోపమును చూపిన ఉద్యోగికి రక్షణ ఉండవలెను. వేలిముద్ర విఫలమైన చోట ప్రత్యామ్నాయ మార్గమును కౌంటరు వద్ద తెలుగులో వ్రాసి ఉంచవలెను. సమాచారము పోయినచో బాధితునికి పరిహారము ఇవ్వవలెను.

కోర్కెలు కోరువారికి కర్తవ్యములును ఉన్నవి. మన రహస్యపదమును తోటివారికి ఇచ్చి సెలవు మీద పోవు అలవాటును నేటితో మానవలెను. పని నిలిచినచో నిలిచినదని వ్రాసి ఇవ్వవలెను. కౌంటరు వద్ద మిగిలిన ఆధార్ జిరాక్సు కాగితములను పొట్లములకు పోనీయక చింపివేయవలెను. అక్షరము రాని పింఛనుదారునికి, ఎంత డబ్బు తీయుచున్నామో పైకి చెప్పి, ఆ తరువాతనే వేలు పెట్టించవలెను.

మన కుటుంబములకు, ఇరుగుపొరుగు వారికి ఈ నాలుగు సంగతులు నేర్పవలెను. వేలిముద్రలకు తాళము వేసికొను సౌకర్యము ఆధార్ వెబ్‌సైటులో ఉన్నది. అవసరమైనప్పుడు మాత్రమే తెరువవచ్చును. సంఖ్యలో మొదటి ఎనిమిది అంకెలు కనబడని కార్డును కూడ అక్కడనే పొందవచ్చును. చాలచోట్ల అది సరిపోవును. మన ఆధార్ ఎప్పుడెప్పుడు వాడబడినదో గడచిన ఆరు నెలల లెక్క చూచుకొనవచ్చును. సందేహములకు 1947, డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 – ఈ రెండు ఫోను సంఖ్యలను ప్రతి శాఖా కార్యాలయములో గోడపై వ్రాయించవలసినదిగా కార్యదర్శులను కోరుచున్నాము.

మిత్రులారా! తరతరములుగా ఈ దేశ ప్రజలు తమ కష్టసుఖములను కవరులో పెట్టి, అంటించి, ముఖపరిచయము లేని తపాలా ఉద్యోగి చేతిలో పెట్టినారు. తమ ప్రాణములను ముఖపరిచయము లేని డ్రైవరు చేతిలో పెట్టి రైలులో నిద్రపోయినారు. ఆ నమ్మకమును ఏ చట్టమును సృష్టింపలేదు. మన ముందు తరము ఉద్యోగుల నిజాయితీ దానిని సంపాదించి పెట్టినది. ఇప్పుడు ప్రజలు మన ముందు చాచుచున్నది ఉత్తరము కాదు, తమ వేళ్లను. ఆ నమ్మకమును నిలుపుట మన బాధ్యత. దానిని నిలుపుటకు కావలసిన చట్టమును, సిబ్బందిని, సాధనములను ప్రభుత్వము నుండి సాధించుకొనుట మన హక్కు. ఈ రెంటిని వేరు చేయకుండ మీ మీ శాఖలలో ఈ విషయమును చర్చకు పెట్టుడని విజ్ఞప్తి చేయుచు, సెలవు తీసికొనుచున్నాము.